ప్రశ్నావళి డేటా చేతికొచ్చాక మొదట ఏం చేయాలి

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కి వెళ్లేవాళ్ల పరీక్షల టెన్షన్ మీద సర్వే చేశారనుకుందాం. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి "అస్సలు ఒప్పుకోను" నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" దాకా ఐదు మెట్లు, 1932లో మనస్తత్వవేత్త లైకర్ట్ చూపించిన పద్ధతే. డేటా రాగానే రెండు గుంపుల సగటుల్ని పోల్చే టీ-టెస్ట్ జోలికి వెళ్లకండి. ముందు ఎక్సెల్‌లో ఒక్కో వరుసా కళ్లతో చూడండి. అన్నిటికీ 3 పెట్టేసినవాళ్లు, సగంలో వదిలేసినవాళ్లు అక్కడే కనిపిస్తారు. ఎవరి ఫారం ఎందుకు తీసేశారో రాసిపెట్టుకోండి, వైవాలో అడుగుతారు.

తర్వాతది చాలామంది మర్చిపోయే పని. "పరీక్ష ముందు రోజు నిద్ర పట్టదు" అన్నదానికి 5 అంటే టెన్షన్ ఎక్కువ, కానీ "పరీక్ష హాల్లో ప్రశాంతంగా ఉంటాను" అన్నదానికి 5 అంటే తక్కువ. ఇలాంటి రివర్స్ ప్రశ్నల మార్కుని 6లోంచి తీసేయాలి, అప్పుడు 5 కాస్తా 1 అవుతుంది. నా మొదటి ప్రాజెక్టులో ఇది చేయకుండానే క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే సంఖ్య) చూశాను, 0.4 వచ్చింది, స్కేలే, అంటే ఆ ప్రశ్నల సెట్టే పనికిరాదనుకుని రెండు వారాలు మంచి ప్రశ్నల్ని తీసేస్తూ కూర్చున్నాను.

ఆల్ఫా 0.7 దాటితే చాలంటారు. అది వాడుక మాత్రమే. ప్రశ్నల సంఖ్య పెంచితే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది, పైగా ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయని అది రుజువు చేయదు. దానికి ఏ ప్రశ్నల జవాబులు కలిసి గుంపుగా కదులుతున్నాయో చూపే ఫ్యాక్టర్ అనాలిసిస్ కావాలి, ఆ గుంపుల వెనకున్న విషయాలే ఫ్యాక్టర్లు. ఎన్ని ఫ్యాక్టర్లో తేల్చడానికి ఐగెన్ విలువ (జవాబుల్లోని తేడాల్లో ఆ ఫ్యాక్టర్ ఎంత వివరిస్తుందో చెప్పే సంఖ్య) 1 దాటాలనే పాత లెక్క కన్నా, యాదృచ్ఛిక డేటాతో పోల్చి చూసే పారలల్ అనాలిసిస్ నమ్మండి.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఫారం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఇచ్చి ఉంటే మూడిట్లోనూ ప్రశ్న ఒకేలా అర్థమైందని అనుకోకండి, ఒక్కో భాషకీ ఆల్ఫా విడిగా చూడండి. అలాగే ఒకే హాస్టల్‌లో 200 మందిని అడిగితే వాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేని 200 మంది కారు, ఒకే గదిలో ఉండేవాళ్ల భయాలూ ఒకేలా ఉంటాయి. అందుకే నాలుగైదు హాస్టళ్లు తిరగండి, ఎవరిది ఏ హాస్టలో కూడా నమోదు చేయండి.

ఇక టెస్టులు. రెండు గుంపుల్ని ఒక్క ప్రశ్న మీదే పోల్చాలంటే శాతాలు, మధ్యగతం, ర్యాంకులతో పోల్చే మాన్-విట్నీ టెస్ట్. మొత్తం స్కోరుకైతే వెల్చ్ టీ-టెస్ట్, రెండు గుంపుల్లో స్కోర్ల చెదురుదల వేరుగా ఉన్నా అది తట్టుకుంటుంది. జమోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పీ-విలువతో (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా అనుకోకుండా కనిపించే అవకాశంతో) పాటు ఎఫెక్ట్ సైజ్ గడిలో కూడా టిక్కు పెట్టండి, తేడా ఎంత పెద్దదో పీ-విలువ చెప్పదు.