చిన్న ఇంజన్ మన చేతుల్లో – 4వ పాఠం: క్యానులో ఉన్నదంతా పెట్రోలేనా?

పోయిన పాఠంలో ప్లగ్గు విప్పి, మొన రంగు చూసి ఇంజన్ ఎలా నడుస్తోందో చెప్పడం నేర్చుకున్నాం. మొన సుద్దలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువై పెట్రోల్ చాలడం లేదని అర్థం. జెట్టు (గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్లో పెట్రోల్ వదిలే సన్న రంధ్రం) శుభ్రంగా ఉండి, ఎయిర్ ఫిల్టర్ బాగుండి కూడా ఒక్కోసారి అలా తెల్లబడుతుంది. దానికి కారణం ఇంజన్లో దొరకదు, పెట్రోల్ క్యానులో దొరుకుతుంది. ఈ పాఠానికి క్యాను తెచ్చుకోండి.

మాది అనంతపురం జిల్లా నార్పల వైపు చీనీ (బత్తాయి) తోట. మూడేళ్ల కిందట శెనక్కాయ పని అయిపోయాక పవర్ స్ప్రేయర్ని అటకెక్కించాం. ఆయిల్ కలిపిన పెట్రోల్ క్యానులో సగం మిగిలితే రేకుల పంచలో పెట్టేశాం. సంక్రాంతి దాటాక చీనీకి మందు కొట్టాలని ఆ క్యానులోదే ట్యాంకు నిండా పోశాను. రెండు లాగుళ్లకే స్టార్ట్ అయింది. నాలుగు చెట్లు కూడా తడవకముందే శబ్దం సన్నబడి, ఒక్కసారి గర్రున లేచి ఆగిపోయింది. తాడు లాగితే రాదు, పిస్టన్ పట్టేసింది. విప్పి చూస్తే సిలిండర్ గోడ మీద నిలువునా గీతలు. ట్యాంకులో మిగిలినదాన్ని గాజు సీసాలో వంచితే రెండు పొరలుగా నిలబడింది: పైన ఆయిల్ రంగు పెట్రోల్, అడుగున రంగులేని మరో ద్రవం. క్యాను మూత చీలి ఉన్న సంగతి అప్పుడు చూశాను. తుపాను వానల్లో రేకు మీది నీళ్లు అందులోకి కారాయి. సిలిండర్, పిస్టన్ రెండూ మార్చాల్సి వచ్చింది. పక్క తోటల్లోనూ ఇలాంటివి చూశాక ఈ పాఠం తప్పకుండా రాయాలనుకున్నాను.

అడుగున ఉన్నది ఉత్త నీళ్లు కాదు, ఇథనాల్ కలిసిన నీళ్లు. ఇథనాల్ అంటే చెరకు మడ్డి, నూకలు, మొక్కజొన్న లాంటివాటిని పులియబెట్టి తీసే ఆల్కహాల్. మన దేశంలో 2003 జనవరిలో కొన్ని రాష్ట్రాల్లో పెట్రోల్లో 5 శాతం కలపడంతో ఇది మొదలైంది. 2022 జూన్ నాటికి సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపినది 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చి, 2025కల్లా దేశమంతటా అదే మామూలు పెట్రోల్ అయింది. మన స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చిన్న పంపుసెట్లు, జనరేటర్లలో చాలావాటిని అంతకు ముందే కొన్నాం. మీ మిషన్ పుస్తకంలో ఇంధనం పేజీ తీసి చూడండి. ‘ఇ10’ అని ఉంటే 10 శాతం వరకే దాన్ని తయారుచేశారని అర్థం. అమెరికాలో 15 శాతం కలిపిన పెట్రోల్ అమ్మే పంపు మీద, దీన్ని పడవల్లో, పెట్రోల్ పనిముట్లలో పోయకూడదని చీటీ అంటించి ఉంటుంది. అక్కడ చాలాచోట్ల ఇథనాల్ లేని పెట్రోల్ వేరే పంపులో దొరుకుతుంది. మన ఊళ్లో ఆ వీలు లేదు కాబట్టి మనకు వేరే నేర్పు కావాలి.

ఇథనాల్ చిన్న ఇంజన్‌ని ఎలా ఇబ్బంది పెడుతుందో చూద్దాం. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం మిశ్రమానికి అది సుమారు 13.5 అవుతుంది. కొత్త బండ్లలో సెన్సర్ ఈ తేడా కనిపెట్టి పెట్రోల్ పెంచుకుంటుంది. మన కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. జెట్టు రంధ్రం ఎంతో అంతే వదులుతుంది, గాలి మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. అందుకే ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, చోక్ సగం లాగి పెడితే తప్ప నిలకడగా నడవదు. లీటరు ఇథనాల్లో శక్తి లీటరు పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి 20 శాతం మిశ్రమంలో 6–7 శాతం తగ్గుతుంది. ట్యాంకు కాస్త ముందే అయిపోతుందంటే నిజమే. కానీ నా లెక్కలో అది చిన్న విషయం.

పెద్ద విషయం నీళ్లు. పెట్రోల్లో నీళ్లు కలవవు, ఇథనాల్లో ఎంతైనా కలుస్తాయి. 10 శాతం మిశ్రమం చల్లటి వాతావరణంలో లీటరుకి సుమారు 5 మి.లీ., అంటే టీస్పూనుడు నీళ్లు తనలో దాచుకోగలదు. 20 శాతం మిశ్రమం ఇంకొంచెం ఎక్కువ దాచుకుంటుంది. అది దాటిన క్షణం ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్లతో పాటు అడుగుకి దిగుతుంది. పగటి వేడికి కలిసి ఉన్నది పుష్య మాసపు తెల్లవారు చలికి విడిపోవచ్చు కూడా. ఇప్పుడు నా స్ప్రేయర్ సంగతి గుర్తు తెచ్చుకోండి. టూస్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్లో కలిపిన ఆయిలే ఆధారం, వేరే ఆయిల్ ఉండదు. పొరలు విడినప్పుడు ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు చివరి ఫిల్టర్ మాత్రం అడుగునే పడి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్ తాగింది, పట్టేసింది. ఫోర్ స్ట్రోక్ పంపుసెట్‌కి అడుగున వేరే ఆయిల్ ఉంటుంది కాబట్టి అంత ఘోరం జరగదు. తడబడి ఆగిపోతుంది, కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే బౌల్లో తెల్లటి పొడి పేరుకుంటుంది.

సముద్రం పక్క జిల్లాల వాళ్లు గాలి తేమకి భయపడాలి. అనంతపురం గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగానే ఉంటుంది. ఇక్కడ నీళ్లు వచ్చే దారులు చీలిన మూత, మిషన్‌ని నీళ్లతో కడగడం, సరిగా ఆరని క్యాను. దానికంటే మనకు ఎండే పెద్ద శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద పెట్టిన పెట్రోల్లో తేలిక భాగం ఆవిరైపోతుంది. మిగిలినది స్టార్ట్ కాదు, జెట్టులో జిగురుగా గట్టిపడుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్ తెచ్చి పెట్టినా ఈ జిగురు తప్పదు. అన్నిటికీ ఇథనాలే కారణమనే వాళ్లతో నేను ఒప్పుకోనిది అందుకే.

ఇప్పుడు చేతి పని. క్యానులో ఇథనాల్ ఎంతుందో మీరే కొలవబోతున్నారు. బ్రెజిల్లో పెట్రోల్ బంకుల దగ్గర చేసే పరీక్ష ఇది. కావాల్సింది 100 మి.లీ. గీతలున్న మూత గాజు జాడీ. స్కూలు ల్యాబ్ సామాన్లు అమ్మే అంగట్లో దొరుకుతుంది. 100 గ్రాముల ఉప్పు నీళ్లలో కరిగించి మొత్తం లీటరు అయ్యేలా చేసుకోండి. ఆరుబయట కూర్చోండి. పొయ్యి, బీడీ, మోటారు స్విచ్ దగ్గర్లో ఉండకూడదు. జాడీలో 50 మి.లీ. పెట్రోల్, దాని మీద 50 మి.లీ. ఉప్పునీళ్లు పోయండి. మూత బిగించి, జాడీని నెమ్మదిగా పదిసార్లు తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే నురగ కట్టి గీత కనబడదు. మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనివ్వండి. పది నిమిషాలు కదల్చకుండా పెట్టండి.

ఇథనాల్ నీళ్లలోకి దిగి, అడుగు పొర 50 దాటి పెరుగుతుంది. ఎన్ని మి.లీ. పెరిగిందో దాన్ని రెట్టింపు చేసి 1 కలపండి, అదే శాతం. అడుగు పొర 59.5 దగ్గర ఆగితే పెరిగింది 9.5, రెట్టింపు 19, ఒకటి కలిపితే 20. అసలు పెరగకపోతే ఇథనాల్ లేదు. ఆయిల్ కలపకముందు పెట్రోల్‌తోనే ఈ పరీక్ష చేయండి. ఎక్కువ ధర పెట్టి కొన్న ప్రీమియం పెట్రోల్లో ఇథనాల్ ఉండదని ఎవరైనా చెబితే, నమ్మేముందు ఒక 50 మి.లీ. జాడీలో పోసి చూడండి. 95 ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోల్ మండే గుణానికి ఇచ్చే అంకె) రకాల్లోనూ ఇథనాల్ ఉంటుంది.

ఇలా నీళ్లతో కడిగి ఇథనాల్ తీసేసిన పెట్రోల్‌నే వాడుకుందామని కొందరికి తోస్తుంది. వద్దు. ఇథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది, దాన్ని తీస్తే మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది, పైగా తడిగా ఉంటుంది. పరీక్ష చేసిన పెట్రోల్‌ని తిరిగి ట్యాంకులో పోయకండి. పైపొరతో గొలుసులు కడుక్కోండి. అడుగుదాన్ని వెడల్పు పళ్లెంలో, మంటకీ పశువులకీ దూరంగా ఆరనివ్వండి.

శాతం తెలిసింది కదా, ఇక జాగ్రత్తలు. నెల రోజుల్లో అయ్యేంతే కొనండి. తెచ్చిన రోజే క్యాను మీద మార్కర్‌తో తేదీ రాయండి. క్యాను నీడలో పెట్టండి. ట్యాంకులో పోసేముందు ఒక గుక్కెడు గాజు సీసాలో తీసి వెలుతురుకి చూడండి. మసకగా ఉన్నా, అడుగున గీత కనబడినా పోయకండి. టూస్ట్రోక్‌కి ఆయిల్ పాళ్లు మిషన్ పుస్తకంలో ఉన్నట్టే కలపండి: 50:1 అంటే లీటరుకి 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. ఇథనాల్ ఉందని ఆయిల్ పెంచితే లాభం లేదు. ఆయిల్ పెరిగిన కొద్దీ అదే జెట్టులోంచి పెట్రోల్ ఇంకా తక్కువ పోతుంది.

పని లేక నెల దాటి ఆగబోతుంటే మిషన్‌ని ఎండగట్టండి. పంపుసెట్ అయితే పెట్రోల్ కాక్ కట్టేసి దానంతట అది ఆగేదాకా నడపండి, బౌల్ కింద స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు కార్చేయండి. స్ప్రేయర్ అయితే ట్యాంకు ఖాళీ చేసి, రబ్బరు బుడ్డ నొక్కుతూ పైపు ఖాళీ చేసి, స్టార్ట్ చేసి ఆగనివ్వండి. తర్వాత చోక్ లాగి ఇంకోసారి స్టార్ట్ చేసి, అది కూడా ఆగనివ్వండి. ప్లగ్గు విప్పి టీస్పూను టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ పెట్రోల్లో కలిపేదే) వేసి తాడు రెండుసార్లు నిదానంగా లాగండి. పైపులు వేలితో వంచి చూడండి. జిగురుగా ఉన్నా, పగుళ్లు కనబడినా మార్చేయండి. పాత రబ్బరుకి ఇథనాల్ పడదు.

ఈ వారం అభ్యాసం: మీరు మామూలుగా కొనే బంకు పెట్రోల్‌ని ఒకసారి, ఇంట్లో పాతబడిన, ఆయిల్ కలపని క్యానుని ఒకసారి పరీక్షించి రెండు అంకెలూ మీ ఇంజన్ నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. 5వ పాఠంలో కార్బొరేటర్ విప్పి స్క్రూలు తిప్పుతాం. అప్పుడు ఆ అంకెలు దగ్గర పెట్టుకోండి.