చిన్న టెలిస్కోపులో శ్వేత కుబ్జం: కీడ్‌ను ఎలా పట్టుకోవాలి

శ్వేత కుబ్జాన్ని (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రపు శేషాన్ని) చూడాలనుకునేవాళ్లు చాలామంది సిరియస్ అనే జంట నక్షత్రంతో మొదలుపెట్టి, విసిగిపోయి వదిలేస్తారు. అక్కడ పెద్ద నక్షత్రం చిన్నదానికంటే దాదాపు పదివేల రెట్లు ప్రకాశవంతం, ఆ వెలుగులో చిన్నది మునిగిపోతుంది. సులువైన గురి ఎరిడనస్ మండలంలో ఉంది: 40 ఎరిడనీ, అరబ్బీ పేరు కీడ్. దూరం 16 కాంతి సంవత్సరాల పైచిలుకు. మన భాషలోని కీడుకూ దీనికీ సంబంధం లేదు, అరబ్బీలో ఆ మాటకు గుడ్డు పెంకు అని అర్థం.

ఇక్కడున్నవి మూడు నక్షత్రాలు. నారింజ రంగు 'ఎ' 4.4 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక), చీకటి ఆకాశంలో కంటికే ఆనుతుంది. దానికి 83 ఆర్క్‌సెకండ్ల (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడంగా శ్వేత కుబ్జం 'బి', 9.5. బి పక్కనే అరుణ కుబ్జం (చిన్న, మసక ఎర్ర నక్షత్రం) 'సి', 11.2. ఎ, బిల వెలుగులో తేడా సుమారు వంద రెట్లే. బి, సి ఒకదాని చుట్టూ ఒకటి 230 ఏళ్లకోసారి తిరుగుతాయి. ఆ జంట ఎ చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికి వేల ఏళ్లు పడుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చంద్రుడు లేని రాత్రి ముందు భాగం అనువైన సమయం. ఓరియన్‌లోని రైజెల్ దగ్గర మొదలుపెట్టండి. దానికి కాస్త వాయవ్యంగా ఉన్న కుర్సాను పట్టుకుని, అక్కడినుంచి పడమరకు 6 డిగ్రీలు జరిగితే మ్యూ, ఇంకో రెండు డిగ్రీలు దాటితే న్యూ, మళ్లీ నైరుతికి 7 డిగ్రీలు వెళ్తే బైడ్ వస్తాయి, ఇవన్నీ ఎరిడనస్ చుక్కలే. బైడ్‌కు ఆగ్నేయంగా డిగ్రీకి కొంచెం పైన ఉన్నదే కీడ్. ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షానికి సమాంతరమైన అక్షం మీద తిరిగే స్టాండు) ఉన్నవాళ్లకు ఈ గంతులేవీ అక్కర్లేదు. రైజెల్‌ను మధ్యలో పెట్టి, ఉత్తర దక్షిణాలకు తిప్పే డెక్లినేషన్ అక్షం బిగించి, రెండో అక్షాన్ని దాని కాలమానపు స్కేలు మీద పడమరకు 59 నిమిషాలు, అంటే దాదాపు 15 డిగ్రీలు తిప్పండి. కీడ్ కేంద్రానికి అర డిగ్రీ ఉత్తరంగా ఉంటుంది కాబట్టి, కనీసం డిగ్రీన్నర మేర చూపించే ఐపీస్ పెట్టుకోండి.

ఎక్కువమంది పొరపడేది బైడ్ దగ్గరే. రెండూ ఇంచుమించు ఒకే వెలుగు, పక్కపక్కనే. బైడ్ అంటే గుడ్లు. గుడ్డు ముందు నడుస్తుంది, పెంకు వెనక వస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు. రంగు కూడా పట్టిస్తుంది: బైడ్ తెలుపు, కీడ్ నారింజ. రంగు తేలకపోతే ఫోకస్‌ను కాస్త చెదరగొట్టండి, చుక్క బిళ్లలా విప్పారినప్పుడు తేడా స్పష్టమవుతుంది.

బిని చూడటానికి 80 మి.మీ. టెలిస్కోపు, 50–60 రెట్లు పెద్దదిగా చూపే ఐపీస్ సరిపోతాయి. ఎకు తూర్పున, రవ్వంత దక్షిణానికి వెతకండి. దొరికింది బియేనా అన్న అనుమానం తీరాలంటే ట్రాకింగ్ (చుక్కల వెంట టెలిస్కోపును తిప్పే మోటారు) ఆపేయండి. చుక్కలు పడమటి అంచుకు జారుతాయి. రెండూ మధ్యగా వెళ్లేలా చూసుకుని గడియారం పట్టుకోండి. ఎ అంచు దాటిన అయిదున్నర సెకన్లకు బి దాటాలి. పది సెకన్లు పట్టిందంటే అది వేరే చుక్క.

సి మాత్రం మొండిది. బికి ఎనిమిది తొమ్మిది ఆర్క్‌సెకండ్ల దూరంలో, ఉత్తరంగా కాస్త పడమరకు ఉంటుంది. 150 మి.మీ. అద్దం, 150–200 రెట్లు లేనిదే ఆశ పెట్టుకోవద్దు. టెలిస్కోపును ముప్పావుగంట ముందే బయట పెట్టండి. గొట్టంలో వెచ్చటి గాలి కదులుతుంటే బి ఉబ్బిపోయి సిని మింగేస్తుంది. ఎ అడ్డొస్తే దాన్ని పడమటి అంచు బయటికి నెట్టేయండి. ట్రాకింగ్ లేకపోతే అది తనంతట తానే ముందు వెళ్లిపోతుంది, వెనక మిగిలే ఆ అయిదు సెకన్లే మీకు అవకాశం. చూపు నేరుగా కాకుండా పక్కకు నిలపండి. సిలో ఎరుపు కనిపించలేదని నిరాశ పడొద్దు, అంత మసక వెలుగులో కంటికి రంగు తెలియదు, బూడిద రంగు చుక్కే కనిపిస్తుంది.

ఎ చుట్టూ 42 రోజులకోసారి తిరిగే గ్రహం ఉందని 2018లో ప్రకటించారు. ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే కాలమూ ఇంచుమించు అంతే. ఆ సంకేతం నక్షత్ర ఉపరితలపు అలజడి వల్ల వచ్చిందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. పాత జాబితాల్లో ఆ గ్రహం కనిపిస్తే కొట్టేయండి.

కెమెరా ఉంటే ఇంకో పని చేయొచ్చు. కీడ్ ఏటా 4.1 ఆర్క్‌సెకండ్లు నైరుతికి జరుగుతుంది. 750 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 3.8 మైక్రాన్ పిక్సెళ్లయితే ఏడాదికి నాలుగు పిక్సెళ్లన్నమాట. 5 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఎ తెల్లగా మాడిపోయి దాని కేంద్రం దొరకదు, కాబట్టి బిని వెనకున్న చుక్కలతో పోల్చి కొలవండి, మూడూ కలిసే కదులుతాయి. ఫొటో ఏటా ఒకే నెలలో తీయాలి. భూమి చోటు మారడం వల్ల నక్షత్రం అటూ ఇటూ 0.2 ఆర్క్‌సెకండ్లు ఊగుతుంది, నెల మారితే ఆ ఊపు మీ లెక్కలో కలిసిపోతుంది.