వ్యంగ్య వార్తల్లో పక్షపాతాన్ని తూచడం ఎలా

2004 అక్టోబరులో సీఎన్ఎన్ 'క్రాస్‌ఫైర్' చర్చకు వచ్చిన అమెరికా వ్యంగ్య వార్తల వ్యాఖ్యాత జాన్ స్టీవర్ట్, ఆ కార్యక్రమం దేశానికి హాని చేస్తోందని దాన్ని నడిపేవారి ఎదుటే అన్నారు. మరి మీరు అధ్యక్ష అభ్యర్థి జాన్ కెరీని అన్నీ మెత్తటి ప్రశ్నలే ఎందుకు అడిగారని ఆ చర్చ నడిపేవారిలో ఒకరైన టకర్ కార్ల్‌సన్ నిలదీసినప్పుడు, తన 'డైలీ షో'కు ముందు వచ్చేది బొమ్మలు ఆకతాయి ఫోన్లు చేసే కార్యక్రమమని బదులిచ్చారు. ఆయన విమర్శలో నిజముందని నమ్ముతాను గానీ, ఈ జవాబును మాత్రం ఒప్పుకోలేను. ఎందరో రాజకీయాలు తెలుసుకునేందుకు చూసే మనిషి, జవాబుదారీ మాట రాగానే నేను నవ్వించేవాణ్ణే అని తప్పుకోవడం న్యాయం కాదు.

కాబట్టి పక్షపాతం ఉందా లేదా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. వ్యంగ్యం రాసేవారికి ఒక పక్షం ఉండటం తప్పు కాదు. ఒక ఎపిసోడ్‌ను రెండోసారి చూస్తూ, నవ్వు కోసం అన్న మాటలను పక్కన పెట్టి, నిజమో అబద్ధమో తేల్చగలిగిన వాక్యాలను మాత్రమే కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 2017 జూన్‌లో అమెరికాలో ఇలాంటి కార్యక్రమమే నడిపే జాన్ ఆలివర్ బొగ్గు గనుల యజమాని రాబర్ట్ మర్రే రూపాన్ని ఎగతాళి చేశారు. దానిని తూచడానికి తూకపురాళ్లు లేవు. అయితే 2007లో యూటాలోని క్రాండల్ కేనియన్ గని కూలి, గనిలో చిక్కుకున్న ఆరుగురు, వారిని రక్షించబోయిన ముగ్గురు చనిపోయిన ఘటనకు భూకంపమే కారణమన్న మర్రే వాదన తప్పని చెప్పడం వేరు. దానికి ప్రభుత్వ దర్యాప్తు నివేదిక ఆధారంగా ఉంది. మర్రే పరువునష్టం దావా వేసినా, వెస్ట్ వర్జీనియా న్యాయస్థానం 2018లో దాన్ని కొట్టివేసింది. మీరు రాసుకున్న ప్రతి వాక్యానికీ ఇలాంటి ఆధారం దొరుకుతుందేమో వెతకండి.

తర్వాత క్లిప్పుల సంగతి. నాయకుడి ప్రసంగంలోంచి పది సెకన్ల ముక్క చూపిస్తే, దానికి ముందూ వెనకా ఒక్కో నిమిషం అసలు వీడియోలో వినండి. అర్థం మారిపోతే, ఆ తప్పును ఎంత మంచి హాస్యమూ మాఫీ చేయదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసింది, ఎవరి మీద చురక పడలేదన్న దాని మీద. ఇది ఒక్క ఎపిసోడ్‌తో తేలదు. కనీసం నెల రోజుల లెక్క కావాలి. యజమాని ఎవరో కూడా తెలిసి ఉండాలి. మన దగ్గర తెలంగాణ యాసలో వార్తలు చెప్పే 'తీన్మార్' ప్రసారమయ్యే వీ6 ఛానల్ జి. వివేక్ వెంకటస్వామి కుటుంబానిది; ఆయన 2019లో భారతీయ జనతా పార్టీలో చేరి, 2023 నవంబరులో తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చారు. ఆ రెండు తేదీలకు ముందూ తర్వాతా వచ్చిన చురకలను పక్కపక్కన పెట్టి చూడటం ఈ అభ్యాసానికి చక్కగా పనికొస్తుంది, ఫలితం ఏదైనా ముందే ఊహించుకోకండి. మనదాకా రానివ్వని వాటిని కూడా లెక్కలో వేసుకోవాలి: 2020 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ గురించి ఆలివర్ చేసిన ఎపిసోడ్‌ను హాట్‌స్టార్ భారతదేశంలో అందుబాటులోకి తేలేదు. ఆ కోత కార్యక్రమం చేసినవారిది కాదు కనుక, దాన్ని వారి ఖాతాలో రాయకూడదు.

మీ సొంత మొగ్గును కూడా పరీక్షించుకోండి. అదే జోకులో నాయకుడి పేరు మార్చి, మీకు నచ్చిన పార్టీవారిని పెట్టి చదివినప్పుడు కోపం వస్తే, ముందు మీరు నవ్వింది విషయానికి కాదు, మనిషికి.

తప్పు నిజంగా దొరికితే ఛానల్‌కు రాయండి. 2021లో సవరించిన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నిబంధనల ప్రకారం, ప్రసార సంస్థ ఫిర్యాదును 15 రోజుల్లో పరిష్కరించాలి. ఆ జవాబు సరిపోకపోతే ప్రసార సంస్థలే ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. ప్రసారమైన తేదీ, సమయం, యాంకర్ అన్న వాక్యం ఉన్నదున్నట్టుగా, దానికి విరుద్ధమైన ఆధారం, ఈ నాలుగూ ఒకే పేజీలో ఉండాలి. జోకు మీకు నచ్చలేదన్న మాట ఆ పేజీలో రాయకండి.