ఆర్కేడ్ మెషీన్‌కి బటన్లు ఎక్కడ పెట్టాలి? కన్నం వేయక ముందే తేల్చుకోండి

విజయనగరంలో ఉంటూ ఇప్పటికి ఏడు ఆర్కేడ్ మెషీన్లు (జాయ్‌స్టిక్, బటన్లతో ఆడే వీడియో గేమ్ పెట్టెలు) కట్టాను. ఎవరో కట్టుకుని, ఆడలేక, బాగు చేయమని నా దగ్గరికి తెచ్చినవి అంతకంటే ఎక్కువే. తెర బాగుంటుంది, లోపలి కంప్యూటరు బాగుంటుంది, స్టిక్కర్లు ముచ్చటగా ఉంటాయి. బటన్లే ఉండకూడని చోట ఉంటాయి. పది నిమిషాలు ఆడేసరికి మణికట్టు లాగేస్తుంది. ప్లైవుడ్‌లో పడిన కన్నాన్ని పక్కకి జరపలేం కదా, బటన్లు కూర్చునే పలక మొత్తం మార్చాల్సి వస్తుంది. అంత డబ్బు పోసి అలా పాడు చేసుకుంటుంటే చూడలేక రాస్తున్నాను.

సామాను సంగతి: ఒక్కొక్కరికి ఒక జాయ్‌స్టిక్, ఆరు 30 మిల్లీమీటర్ల బటన్లు, స్టార్ట్‌కీ కాయిన్‌కీ రెండు 24 మిల్లీమీటర్లవి, బటన్ నొక్కుల్ని కంప్యూటరుకి చేరవేసే ఒక యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు, వైర్లు. పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మెడ పొడుగ్గా ఉండి కింద నట్టు బిగించే బటన్లే కొనండి. టక్కుమని నొక్కి కూర్చోబెట్టేవి సన్నని రేకు కోసం చేసినవి, మందపు చెక్కలో వాటికి పట్టు దొరకదు. జాయ్‌స్టిక్ కూర్చునే చోట చెక్కని అడుగు నుంచి తొలిపించాలి, లేకపోతే పుల్ల పైకి చాలినంత రాదు.

మొదట, ఏ ఆటలు ఆడతారో కాగితం మీద రాసుకోండి. పాక్‌మాన్‌కి (1980) జాయ్‌స్టిక్ ఒక్కటే చాలు. మా చిన్నప్పుడు రూపాయి ఇచ్చి ఆడిన ‘ముస్తఫా’, అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ (1993), రెండు బటన్ల ఆట: ఒకటి కొట్టడానికి, ఇంకోటి ఎగరడానికి. మెటల్ స్లగ్‌కి (1996) మూడు. జపాన్ కంపెనీ ఎస్ఎన్‌కే చేసిన నియో జియో మెషీన్లకి నాలుగు. స్ట్రీట్ ఫైటర్ 2కి (1991) ఆరు: పై వరుస గుద్దులు, కింది వరుస తన్నులు, ఎడమ నుంచి కుడికి దెబ్బ బలం పెరుగుతుంది. మోర్టల్ కాంబాట్‌కి (1992) ఐదు, నాలుగు మూలలా నాలుగు, నడిమిన బ్లాక్ (దెబ్బ కాచుకునేది). దాని కోసం ఏడో కన్నం వేసేవాళ్లున్నారు, వద్దు. మధ్య నిలువు వరుసలోని రెండింట్లో ఒకదాన్ని బ్లాక్‌కి పెట్టుకుంటే సరిపోతుంది.

కాబట్టి ఆరు. ఎనిమిది పెట్టొద్దు. ఎనిమిది ఇంటి కన్సోల్ కంట్రోలర్ల లెక్క. ఇక్కడ ఆ చివరి రెండూ చిటికెన వేలికి పొరపాటున తగలడానికి తప్ప దేనికీ పనికిరావు.

ఇక అసలు పని. చాలామంది స్కేలు పెట్టి రెండు తిన్నని గీతలు గీసి, గీతకి మూడు చొప్పున బటన్లు పెట్టేస్తారు. చూడ్డానికి పొందికగా ఉంటుంది. కానీ మన వేళ్లు ఒకే పొడుగు కావు, చెయ్యి కూడా పలక మీదికి నిటారుగా రాదు, మోచేతి నుంచి ఏటవాలుగా వస్తుంది. తిన్నని వరుస మీద ఆడాలంటే మణికట్టు వంచాలి. ఆ వంపే నొప్పి.

ఒక అట్టపెట్టె చింపి పలక సైజుకి కోయండి. దాన్ని మెషీన్ ఎత్తులోనే పెట్టండి. నిలబడి ఆడటానికి నేను నేల నుంచి 95 సెంటీమీటర్లు పెడతాను. ఎడమ చెయ్యి జాయ్‌స్టిక్ మీద ఉంచి, కళ్లు మూసుకుని, కుడి చెయ్యి వదులుగా అట్ట మీద వాల్చండి. మూడు వేళ్ల కొసలు ఎక్కడ ఆనాయో పక్కవాళ్ల చేత గుర్తు పెట్టించండి. చెయ్యి తీసేసి మళ్లీ వాల్చండి. మూడుసార్లు. గుర్తులు గోరంత తేడాలో కలవకపోతే మీరు చెయ్యి బిగబట్టారన్నమాట. టీ తాగి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో ఆడేవాళ్లలో చిన్న చెయ్యి ఎవరిదో వాళ్ల గుర్తులే తీసుకోవాలి. చిన్న చేతికి కుదిరింది పెద్ద చేతికి కుదురుతుంది, పెద్ద చేతి దూరం చిన్న వేళ్లకి అందదు.

ఆ మూడు చుక్కలే పై వరుస. వేళ్లు కొంచెం ముడిస్తే కింది వరుస. బటన్ అంచు దాదాపు 33 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి నడిమి నుంచి నడిమికి 36కి తగ్గితే పక్కపక్క అంచులు మరీ దగ్గరైపోతాయి. నా పలక మీద చూపుడు వేలి బటన్ నడిమి వేలిదానికంటే 18 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది, ఉంగరం వేలిది 5. జాయ్‌స్టిక్‌కీ మొదటి బటన్‌కీ మధ్య 9 సెంటీమీటర్లకి తగ్గించను.

జపాన్ మెషీన్ల కొలతలు ప్రింటు తీసి అతికిస్తే పోలేదా అంటారు. ఆస్ట్రో సిటీ (1993) లాంటివి కూర్చుని ఆడేవి. నిలబడితే మోచెయ్యి ఎత్తు మారుతుంది, దాంతో కోణం మారుతుంది. పైగా ప్రింటరు పేజీలో పట్టించడానికి బొమ్మని కుదించేస్తుంది, 30 కాస్తా 28 అవుతుంది.

తర్వాత అసలు బటన్లనే ఆ అట్టకి బిగించి, వైర్లు తగిలించి, వారం రోజులు ఆడండి. ఈ వారం ఎవరూ ఆగరు. బొబ్బిలి వీణ చేసేవాళ్లని చూడండి: వీణకి 24 మెట్లు, అంటే తీగని నొక్కే అడ్డపట్టీలు. వాటిని మైనంలో కూర్చి, మీటుతూ వింటూ, స్వరం కుదిరేదాకా జరుపుతారు. మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది. ప్లైవుడ్‌కి ఆ వీలు లేదు, మన మైనం ఈ అట్టే. నొప్పి ఎక్కడ పుడితే ఆ బటన్‌ని ఆ రోజే జరిపేయండి.

స్టార్ట్, కాయిన్ బటన్లు పలక పైఅంచున, అరచెయ్యి చేరని చోట ఉండాలి.

గుర్తులు చెక్క మీదికి ఎక్కించేటప్పుడు పలకని పై వైపు నుంచే గీయండి. అడుగు నుంచి గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇలా పాడైన పలకలు మూడు నా దగ్గరే ఉన్నాయి. బటన్ ఒళ్లు, జాయ్‌స్టిక్ పెట్టె లోపలి చట్రానికి తగలకుండా అడుగు కూడా కొలుచుకోండి. నాకు చెక్కపని చేసిపెట్టే మేస్త్రి ఎప్పుడూ ఒకటే అంటాడు: “కన్నం ఏయడానికి నిమిసం సాలు బాబూ, ఎక్కడెయ్యాలో సెప్పు ముందు.”

పలక మీద సన్‌మైకా ఉంటే అది పెచ్చులూడకుండా గుర్తు మీద టేపు అతికించి, హోల్ సా (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) పెట్టి పై నుంచి మొదలుపెట్టాలి. నడిమి డ్రిల్లు మొన అడుగున కనబడగానే పలక తిప్పి, అదే కన్నంలో మొన పెట్టి రెండో వైపు నుంచి పూర్తి చేయించండి. మొదటి కన్నం వృథా ముక్క మీద వేయించి, బటన్ వదులు లేకుండా కూర్చుందో లేదో చూసుకున్నాకే పలక ముట్టుకోనివ్వండి.