మిరుగు రాకముందే దూలం కొస చూడండి

రోహిణి కార్తె ఎండల్లోనే పెంకుటింటి పని మొదలుపెట్టాలి. జూన్ 7, 8కి మిరుగు, అంటే మృగశిర కార్తె, వస్తుంది. ఆ తర్వాత పెంకలు దింపితే ఇల్లు వానకు అప్పజెప్పినట్టే.

అందరం పెంకలే చూస్తాం. పగిలిన పెంక కంటికి కనిపిస్తుంది. మోసమంతా దూలం గోడలోకి దూరిన చోట. వరంగల్ మట్టెవాడలో మా పాతింటి టేకు దూలం పైకి నిగనిగలాడుతూనే ఉండేది. వడ్లాయన గోడ అంచున స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగింది. తప్పు మాదే. అంతకుముందు మట్టిగోడకు సిమెంటు పూయించాం, అందంగా ఉంటుందని. గోడ పీల్చిన చెమ్మకు బయటికి దారి లేక దూలం కొసకు పట్టింది. మట్టిగోడకు సున్నమే పూయించండి. సిమెంటే మేలని సుతారి ఎంత నచ్చజెప్పినా వినొద్దు. దూలం కొస చుట్టూ గాలి ఆడేలా కాస్త సందు ఉంచాలి.

గోడ మీద చెదల మట్టి గీతలుంటే తుడిచి ఊరుకోవద్దు. అది దారి మాత్రమే, పురుగు నేలలో ఉంటుంది. చెదల మందు క్లోర్‌పైరిఫాస్ 20 ఇ.సి. అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు కలిపి గోడ మొదట్లో పోస్తారు. చేతికి తొడుగులు, మూతికి మాస్కు ఉండాల్సిందే. చేదబావి పక్కన మాత్రం పోయించొద్దు. కర్రలోంచి పిండి రాలుతుంటే అది పుప్పి, కర్రను తొలిచే పురుగు. నేలలో పోసిన మందుకు పోదు.

పుచ్చిన దూలాన్ని ముట్టుకునే ముందు దాని కింద జాకీలు నిలబెట్టించండి. పెంకలు కొప్పు (కప్పు నడినెత్తి) నుంచి కిందికి, రెండు వాలుల్లో సమంగా దింపాలి. ఒక వాలు ఖాళీ చేసి రెండోది బరువుతో ఉంచితే కప్పు ఒరుగుతుంది. అడుగు వాసం మీదే, పెంక మీద కాదు. కరెంటు మెయిన్ ఆపెయ్యండి. పెంకల కింద తేళ్లుంటాయి, ఉత్త చేతులు పెట్టొద్దు.

కొత్త కర్ర కొంటే చేవ (లోపలి గట్టి కర్ర) చూసి కొనండి. టేకులో తెల్లటి పైపొర చెదలకు మొదటి ముద్ద. నన్నడిగితే, కూల్చిన ఇళ్ల పాత టేకే మేలు. మేకులు పీకించి కోయించాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత కాకపోయినా, ముసురు పట్టినప్పుడు గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా ఇప్పుడే కాలువ తీయించండి. మొదలు నానిన మట్టిగోడ వాన వెలిసిన తర్వాత కూడా కూలొచ్చు. అది ఆరేదాకా ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వద్దు.