పర్లాకిమిడిలో స్పాక్ అభిమాని నేనొక్కడినేనా అనిపిస్తుంటే: సమస్య - పరిష్కారం

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పిచ్చి పట్టింది మాత్రం ఇంగ్లీషులో ఉన్న స్టార్ ట్రెక్‌కి, అంటే ఓడేసుకుని అంతరిక్షంలో గ్రహాలన్నీ తిరిగేవాళ్ళ అమెరికా టీవీ సీరియల్‌కి, అదీ 1966 నుంచి 69 దాకా నడిచిన పాతదానికి, 79 ఎపిసోడ్లు. స్పాక్ అంటే ఆ ఓడలో ఉండే సూది చెవుల ఆసామి. ఈ జబ్బు ఉన్నోళ్ళకి ఒంటరిగా అనిపించడం మామూలే, కానీ చాలా వరకు బాగుచేసుకోవచ్చు, నేను చేసుకున్నవి రాస్తున్నా.

సమస్య: ఎవరికి చెప్పినా రెండో నిమిషంలో ఫోన్ తీస్తున్నారు.

కారణం: మనం కథ చెప్పట్లేదు, పేర్లు చదువుతున్నాం. కిర్క్, వల్కన్, క్లింగాన్, వార్ప్ అని గుక్క తిప్పుకోకుండా చెప్తే అవతలోళ్ళకి అది సహస్రనామమే, అదీ భక్తి లేనోడి ముందు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా ఉండి, జనం మాట్లాడే భాషలో రాయండిరా అని కొట్లాడితే మనం ఇక్కడే కూర్చుని కొత్త గ్రాంథికం మొదలుపెట్టాం.

పరిష్కారం: పేర్లన్నీ తీసేసి ఒక్క ఎపిసోడ్ చెప్పండి. నేను 1967 చివర్లో వచ్చిన ట్రిబుల్స్ కథతో మొదలుపెట్టా. మా అత్త అరుగు మీద బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, అత్తా, బొచ్చు ఉండలు లాంటి జీవాలుంటాయి, కాళ్ళు లేవు మొహం లేదు, నిమిరితే పిల్లిలా గుర్రుమంటాయి, పుట్టడమే కడుపుతో పుడతాయి, తిండి దొరికిందా ఇంక పిల్లలే పిల్లలు, అలా ఓడంతా నిండిపోయి చివరికి విత్తనాల గింజలు దాచిన గోదాంలో కూడా దూరేశాయి, కెప్టెన్ తలుపు తీస్తే నెత్తిమీద కుప్పలా కురిశాయి అన్నాను. అత్త చేట ఆపింది. "గింజలు తిన్నాయి గదా, మరి బతికే ఉన్నాయేటి?" అంది. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే కథలో మెలిక సరిగ్గా అదే, సగం చచ్చిపడి ఉంటాయి, డాక్టర్ మెకాయ్ చూసి గింజల్లో విషం కలిసిందని తేలుస్తాడు. ఎన్నో ఏళ్ళు ఎలకల మందు పెట్టిన మనిషికి స్పేస్ అంటే ఏటో తెలియకపోయినా పర్లేదు.

సమస్య: సెట్లు చూసి బావమరదులు నవ్వుతున్నారు.

కారణం: సీరియల్ తీసినోళ్ళ దగ్గర డబ్బుల్లేవు. మనిషిని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే ట్రాన్స్‌పోర్టర్ కూడా, వారం వారం ఓడని గ్రహం మీద దించి చూపించాలంటే ఖర్చు తట్టుకోలేక పెట్టుకున్నదే.

పరిష్కారం: వాదించకండి. పౌరాణిక నాటకంలో నారదుడు మాయమయ్యాడంటే తెర వెనక్కి పరిగెత్తినట్టే కదా, కిరీటం అట్టదే కదా, అప్పుడు నవ్వారా అని అడగండి. నవ్వితే ఇంక వాళ్ళకి ఏదీ చూపించొద్దు.

సమస్య: స్పాక్ చెయ్యెత్తి, మధ్యవేలికీ ఉంగరం వేలికీ నడుమ సందు పెట్టి చేసే ఆ వేళ్ళ సెల్యూట్ రావట్లేదు.

చిటికెన వేలు, ఉంగరం వేలు కలిపి రబ్బర్ బ్యాండు వేసుకుని రెండ్రోజులు తిరగండి, నాకు అలాగే వచ్చింది. స్పాక్ వేసిన లియొనార్డ్ నిమోయ్ అది చిన్నప్పుడు యూదుల ప్రార్థన మందిరంలో పూజారులు దీవించేటప్పుడు చూసి తెచ్చుకున్నాడు, కాబట్టి అత్తకి ఆశీర్వాదం అని చెప్తే సరిపోతుంది.

సమస్య: ఎవరూ చూడనిది నేను చూస్తున్నానంటే తేడా నాలోనే ఉందేమో.

కారణం: ఏం లేదు, అది వచ్చిన రోజుల్లో కూడా చూసేవాళ్ళు తక్కువే. అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తేనే మూడో సీజన్ దక్కింది, 1969లో ఆపేశారు, తర్వాత రీ-రన్‌లలో జనం పెరిగారు. 1972లో న్యూయార్క్‌లో అభిమానుల సభ పెట్టి కొన్ని వందల మంది వస్తారనుకుంటే వేలల్లో వచ్చారు, అంటే అప్పటిదాకా ఎవరింట్లో వాళ్ళు నేనొక్కడినే అనుకుంటూ కూర్చున్నారన్నమాట.

సమస్య: అదంతా సరే, మన ఊళ్ళో ఎవరున్నారు?

కారణం: మన వయసు వాళ్ళలో వెతుకుతున్నాం. ఇది 80లలో దూరదర్శన్‌లో ఆదివారాలు వచ్చింది, అప్పుడు మేడెక్కి యాంటెనా తిప్పిన పిల్లలకి ఇప్పుడు 50 దాటింది.

పరిష్కారం: షో పేరు చెప్పి అడక్కండి, గుర్తుండదు. ఏరు దాటి పాతపట్నంలో టీవీలు బాగుచేసే ఆయన్ని స్టార్ ట్రెక్ చూశారా అంటే లేదన్నాడు, చెవులు సూదిగా ఉంటాయండీ, అస్సలు నవ్వడు అంటే తలెత్తేడు. "ఆ నవ్వనోడా! అందులో మొకం సగం నలుపు సగం తెలుపు ఉన్నోళ్ళు ఇద్దరు తరువుకుంటారు బాబూ, మజ్జిలో కరెంటు పోయింది, ఎవడు నెగ్గేడు?" అన్నాడు. ఒకడికి కుడివైపు నలుపు, ఇంకొకడికి ఎడమవైపు, వాళ్ళ పగకి కారణం అంతే, తీరా సొంత గ్రహానికి వెళ్తే అక్కడ అందరూ కొట్టుకు చచ్చిపోయి ఉంటారు, అయినా వీళ్ళిద్దరూ దిగి మళ్ళీ తరుముకుంటూనే ఉంటారు అని చెప్పాను.

సోల్డరింగ్ కడ్డీ స్టాండులో పెట్టేడు. "ఎవడూ నెగ్గలేదేటి? కరెంటోళ్ళని ఇన్నేళ్ళు ఊరికే తిట్టేను" అని స్టూలు ఇటు జరిపేడు. ఇప్పుడు ఆదివారాలు నేను అక్కడే.