పార్టీ జిల్లా మహాసభకు సభాధ్యక్షుణ్ణి ఎలా ఎంచుకోవాలి?

అనంతపురంలో జిల్లా మహాసభ అంటే ఫ్లెక్సీలు, షామియానా, భోజనాల గురించి నెల ముందే మాట్లాడుకుంటారు. సభను నడిపేదెవరన్నది మాత్రం మైకు టెస్టింగ్ వేళకు గుర్తొస్తుంది. అప్పుడు ఎదురుగా కనిపించిన పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టేస్తారు.

మొదటి పని, పార్టీ నియమావళి తీసి చదవడం. కొన్ని పార్టీల్లో పార్టీ అధ్యక్షుడే సభకూ అధ్యక్షుడు. కమ్యూనిస్టు పార్టీల్లో ఒక్కరికే అప్పగించకుండా అధ్యక్షవర్గాన్ని ఎన్నుకుంటారు. మీ నియమావళిలో ఏమీ లేకపోతే, వారం ముందే కార్యవర్గంలో పేర్లు అనుకోండి.

రెండోది, పదవులకు పోటీపడేవాళ్లను ఈ జాబితాలోంచి తీసేయండి. అసలు చిక్కంతా ఇక్కడే. పోటీదారు చేతికి మైకిస్తే, ఎవరికి రెండు నిమిషాలు ఎక్కువిచ్చినా అనుమానమే. ఆయన బావమరిదికిచ్చినా అంతే! మన జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వానికే రాజీనామా చేశారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. ఆ ఒక్కరోజు ఏ వర్గానికీ చెందనట్టు ఉండగల మనిషి దొరికితే చాలు.

గొంతు పెద్దదని ఎంచుకోకండి. "టైమైంది అన్నా, కూర్చో" అని ఎమ్మెల్యేకైనా నవ్వుతూ చెప్పగలగాలి. మండల సమావేశాల్లో గొడవ లేచినప్పుడు ఎవరు సర్దిచెబుతున్నారో గమనిస్తే ఆ మనిషి దొరుకుతాడు. ఆమె కూడా కావచ్చు, మనవాళ్లకు ఆ ఆలోచనే రాదు.

తర్వాత అన్ని వర్గాలతో ముందే మాట్లాడండి. 1907 సూరత్ కాంగ్రెస్‌లో రాస్‌ బిహారీ ఘోష్ అధ్యక్షతపై మొదలైన గొడవలో వేదిక మీదికి చెప్పు ఎగిరొచ్చింది, పార్టీయే చీలిపోయింది.

సభ రోజు ఒకరు పేరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. "ఇంకెవరి పేరైనా ఉందా?" అని అడిగి కాసేపు నిజంగానే ఆగండి. రెండో పేరొస్తే చేతులెత్తించి లెక్కపెట్టండి. నాయకుల ముందు చేతులెత్తడానికి జంకుతారనిపిస్తే చీటీలు మేలు. ఫలితం మినిట్స్‌లో రాయించండి.

ఎన్నికైనవారికి అజెండా, ప్రతినిధుల జాబితా, టైమైందని మోగించడానికి ఒక చిన్న గంట ఇవ్వండి. ఓటింగులు మధ్యాహ్నం భోజనాలకు ముందే పెట్టమని చెప్పండి. తిన్నాక రాయదుర్గం, కళ్యాణదుర్గం వాళ్లు బస్సు టైం చూసుకుంటూ ఒక్కొక్కరే జారుకుంటారు.